గైడ్ పోయె!

(అనంతపురం. జనవరి నెల, రాత్రి పదిన్నర. మా పక్క మిద్దె మీద ఓబులేసు టెలిస్కోప్ పక్కన కూర్చుని ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. నాగమణి మెట్ల మీద నిలబడి వింటోంది. నేను ఆరేసిన దుప్పటి తీసుకుందామని మా మిద్దె ఎక్కాను. ఒక్క దుప్పటి తీయడానికి నాకు ముక్కాలు గంట పట్టింది.)

ఓబులేసు (ఫోన్‌లో): లేదప్పా, పీహెచ్‌డీ ఈరోజు కూడా సెటిల్ కాలేదు. అసలు గైడింగే బాగాలేదు... అయ్యో, గైడ్ పోయె! పెట్టేస్తున్నా.

నాగమణి: ఎప్పుడు పోయాడు?

ఓబులేసు: ఇదిగో, ఇప్పుడే. మబ్బు కమ్మింది.

నాగమణి: కళ్ళకు మబ్బు కమ్మిందంటే బీపీనే. పాపం, మంచి మనిషి.

ఓబులేసు: ఏం కాదులే, ఇంకోదాన్ని పట్టుకుంటా.

నాగమణి: ముందు ఆయన పాడె లేవనీయండి! ఏడేండ్లుగా మా శీనుగాడిని భరించాడు. (ఫోన్‌లో) అమ్మా, శీనుగాడి గైడ్ పోయాడంట. ఆ, మీ అల్లుడికే ముందు తెలిసింది.

ఓబులేసు: ఏయ్! ఎవరు పోయారు?

(ఆమె వినే స్థితిలో లేదు. తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.)

తమ్ముడు: ఎవరు చెప్పారక్కా? మూడో చాప్టర్ మళ్ళీ రాయమని సారు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు.

నాగమణి: బతికే ఉన్నాడా?

తమ్ముడు: ఉన్నాడక్కా.

(పిల్లవాడి గొంతులో అంత నీరసం నేనెప్పుడూ వినలేదు.)

ఓబులేసు: గైడ్ అంటే గైడ్ స్టార్ తల్లీ, టెలిస్కోప్ గురి తప్పకుండా ఆనవాలుగా పట్టుకునే చుక్క! పీహెచ్‌డీ టూ అనేది ఆ చుక్కను కనిపెట్టుకుని ఉండే ఈ సాఫ్ట్‌వేర్ పేరు. పీహెచ్‌డీ అంటే పుష్ హియర్ డమ్మీ. ‘ఇక్కడ నొక్కరా మొద్దూ’ అని.

నాగమణి: నొక్కారా?

ఓబులేసు: నొక్కాను.

నాగమణి: మొద్దు అన్నది మిమ్మల్నేనని దానికెలా తెలిసింది?

ఓబులేసు: నీకు చెప్పినా అర్థం కాదు. ఇది డిథరింగ్. ఫోటోకు, ఫోటోకు మధ్య టెలిస్కోప్‌ను కావాలనే కొంచెం పక్కకు జరపాలి.

నాగమణి: కదలకుండా ఉండాలనే కదా అరవై వేలు పోసి ఆ స్టాండ్ కొన్నది? ఇప్పుడు కావాలని కదుపుతారా?

ఓబులేసు: కెమెరాలో కొన్ని పిక్సెళ్ళు వేడికి చుక్కల్లాగా వెలుగుతాయే. జరపకపోతే అన్ని ఫోటోల్లోనూ ఆ మచ్చ ఒకేచోట పడుతుంది. జరిపి, తర్వాత నక్షత్రాలను బట్టి ఒకదానిమీద ఒకటి పేర్చితే...

నాగమణి: పెనం ఒకచోటే మాడుస్తుంది, రొట్టెను తిప్పుతుండాలి. అంతేనా?

ఓబులేసు: (కాసేపు ఆగి) అంతే.

నాగమణి: దీనికి మూడు రాత్రులు వీడియోలు చూశారా! ఎంత తిప్పాలి?

ఓబులేసు: ఐదు పిక్సెళ్ళు. అది గైడ్ కెమెరా లెక్క, అంటే ఆ గైడ్ చుక్కను చూసే చిన్న గొట్టానికి ఉన్న కెమెరా. చిన్న గొట్టం ఫోకల్ లెంగ్త్ 200 మిల్లీమీటర్లు, ఫోటోలు తీసే పెద్దదానిది 400. రెండు కెమెరాల పిక్సెళ్ళూ ఒకే సైజు కాబట్టి అక్కడ ఐదు జరిపితే ఇక్కడ పది జరుగుతుంది.

నాగమణి: నేను ఒకటంటే మీ అమ్మకు రెండు వినబడినట్టు.

ఓబులేసు: మా అమ్మ ఎందుకొచ్చింది మధ్యలో? జరిపాక చుక్క అర పిక్సెల్ లోపల పది సెకన్లు కుదురుగా నిలబడాలి. అదే సెటిల్ కావడం. నలభై సెకన్లలో కాకపోతే టైమ్ అవుట్.

నాగమణి: మామూలుగా ఎంత ఊగుతోంది?

ఓబులేసు: గాలికి ఒకటి, ఒకటింపావు.

నాగమణి: ఒకటింపావు ఊగేదాన్ని అరలో నిలబడమంటే ఎక్కడ నిలబడుతుంది? మా వాడితోనూ మీకు ఇదే పంచాయితీ. ఒకటిన్నర పెట్టండి.

ఓబులేసు: నీకేం తెలుసని...

నాగమణి: పెట్టండి. 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్యాస్ కనబడుతుంది గానీ, పొద్దున వంటింట్లో అయిపోయిన గ్యాస్ మాత్రం కనబడదు.

(ఓరియన్ నెబ్యులాను ఇంత సూటిగా పరిచయం చేసినవాళ్ళను నేను చూడలేదు. ఆయన కిమ్మనకుండా ఒకటిన్నర కొట్టాడు. ఆమె తన శాలువా తీసి ఆయన తల మీద పడేసింది, విసిరినట్టే. ఒడిలోంచి చెనిక్కాయలు కూడా తీసింది. సగం ఒలిచి ఆయన చేతిలో పోసి, మిగతావి ‘మీకు చేతుల్లేవా’ అని పొట్టుతోనే ఇచ్చింది. ఇంతలో ఫోన్ మోగింది.)

నాగమణి: చెప్పమ్మా... అయ్యో, చన్నీళ్ళతో తలస్నానం చేశావా? (ఆయనతో) చూడండి, మీ వల్ల మా అమ్మకు ఈ చలిలో స్నానం.

ఓబులేసు: నేను చేయమన్నానా? ఆగు, ఆగు, మబ్బు తొలిగింది... గైడ్ దొరికింది! సెటిల్ కూడా అయిపోయింది!

(స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది.)

అత్త: గైడ్ దొరికిందా? అంటే ఆడమనిషా? సెటిల్ కూడా అయ్యాడా మా వాడు! నాగమణీ, ఆ పిల్లకు పెండ్లయిందేమో అడుగమ్మా.