ఇద్దరి కొలువు ఒక్కడే చేస్తే ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఉద్యోగుల హక్కులకు చక్ బెడ్నారిక్ చేసిన అపచారాన్ని చరిత్రకారులు ఇంతవరకూ తగినంత తీవ్రంగా పరిగణించలేదు. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్‌లో ఉక్కు కార్మికుడి ఇంట 1925లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానంలో గన్నర్‌గా 30 దాడుల్లో పాల్గొని ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషికి, ఇకనైనా కాస్త విశ్రాంతి తీసుకుందామన్న ఇంగితం ఉండాలి. ఆయన మాత్రం ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 1949లో మొట్టమొదటి ఎంపికగా ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టులో చేరి, 14 సీజన్లలో మూడంటే మూడు ఆటలకు గైర్హాజరయ్యాడు.

దాడికి పదకొండు మంది, రక్షణకు వేరే పదకొండు మంది అన్నది అప్పటికే స్థిరపడిన పద్ధతి. ఒక బృందం ఆడుతుంటే రెండోది బెంచీ మీద సేదతీరుతుంది. 1960లో, 35 ఏళ్ల వయసులో, సహచరులు గాయపడ్డారన్న నెపంతో బెడ్నారిక్ దాడిలో సెంటర్‌గానూ, రక్షణలో లైన్‌బ్యాకర్‌గానూ తానే దిగాడు. ఆ డిసెంబర్ 26న గ్రీన్ బే ప్యాకర్స్‌తో జరిగిన ఫైనల్లో 60 నిమిషాలకు 58 నిమిషాలు ఆడి, చివరి క్షణాల్లో బంతితో దూసుకొస్తున్న ప్యాకర్స్ ఆటగాడు జిమ్ టేలర్‌ను పడగొట్టి, గడియారం ఆగేదాకా లేవనివ్వక, జట్టును 17-13తో గెలిపించాడు. మిగతా రెండు నిమిషాలు ఎందుకు వృథా చేశావని యాజమాన్యం సంజాయిషీ అడగకపోవడం దాని ఔదార్యం. ఇంత చేసినవాడు ఇల్లు గడవడానికి కాంక్రీటు కూడా అమ్మేవాడు. 'కాంక్రీట్ చార్లీ' అన్న బిరుదును అభిమానులు కండబలానికి అన్వయించుకున్నారు గానీ, అది రెండో కొలువు తెచ్చిపెట్టిన పేరు.

అదే ఏడాది నవంబర్ 20న యాంకీ స్టేడియంలో ఆయన కొట్టిన దెబ్బకు న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు ఫ్రాంక్ గిఫర్డ్ స్పృహ తప్పాడు, 1961 సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. దెబ్బ నిబంధనల ప్రకారమే తగిలింది కనుక ఎవరికీ అభ్యంతరం కలగలేదు, ఫోటో మాత్రం జగత్ప్రసిద్ధమైంది. 2015లో గిఫర్డ్ మరణించాక, పదే పదే తలకు తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే మెదడు వ్యాధి ఆయనకు ఉన్నట్టు తేలిందని కుటుంబం వెల్లడించింది. దీనికి ఏ నిబంధన వర్తిస్తుందో లీగ్ పెద్దలే చెప్పాలి.

నిబంధనల విషయంలో ఆ పెద్దలు పట్టుదల గలవారే. 1996లో బెడ్నారిక్ తన జీవితకథ పుస్తకం 100 ప్రతులు కొని ఆటగాళ్లకు పంచమని ఈగల్స్ యజమానిని కోరితే, లీగ్ నియమాలు ఒప్పుకోవన్న సమాధానం వచ్చింది. ఒక్క మనిషి చేత రెండు వైపులా ఆడించుకున్నప్పుడు అడ్డురాని నియమం వంద పుస్తకాల దగ్గర నిద్ర లేచిందన్నమాట. అలిగిన ముసలాయన 2005లో సూపర్ బౌల్ అనే లీగ్ ఫైనల్లో సొంత జట్టు ఓడిపోవాలని బాహాటంగానే కోరుకున్నాడు. ఈగల్స్ 24-21తో ఓడి, ఖర్చు లేని ఆ కోరికను మన్నించారు.