బెంగళూరు బాల్కనీలో టమాటా ఎందుకు?

బెంగళూరులో కుండీలు కొన్న తెలుగువాళ్లు ముందుగా వేసేది టమాటా. 2023 జులైలో కిలో వంద దాటాక ఆ మోజు ఇంకా పెరిగింది. సూటిగా చెబుతాను: మారతహళ్లి బాల్కనీలో టమాటా పెంచడం చోటూ నీళ్లూ దండగ. అదే మట్టిలో గోంగూర, చుక్కకూర, బచ్చలి వేయండి.

టమాటా బాగా కాయాలంటే రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడాలి. ఎదురు బ్లాక్ నీడ తప్పించుకుని అంత ఎండ పడే బాల్కనీలు ఎన్ని ఉన్నాయి? నారు నాటాక రెండు నెలలకు గానీ పండు చేతికి రాదు. ఈలోగా తెల్లదోమ ఆకుముడత వైరస్ అంటించిందా, మొక్క పీకేయాల్సిందే. అన్నీ కలిసొచ్చినా దక్కేది పక్కనున్న కోలార్ నుంచి లారీల్లో దిగే సరుకే. ఆకుకూర అలా కాదు. చుక్కకూర, బచ్చలి మూడు నాలుగు గంటల ఎండతో సర్దుకుంటాయి. గోంగూరకు మాత్రం ఎండ తగిలే మూల ఇవ్వండి, చిగురు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. వేసవి మొదట్లోనో తొలకరికో విత్తాలి. దసరా దాటాక విత్తితే పగటిపొద్దు తగ్గుతుంది కాబట్టి మొక్క ఎదగకముందే పూతకొస్తుంది, ఆకు మిగలదు.

పిల్లలకు పండు కోసే సరదా ఉండాలి కదా అంటారు. ఉండాలి, దానికి ఒక్క కుండీ చాలు. వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపు చేసి తెచ్చే కావేరి నీళ్లు ఇవి. 2024 మార్చిలో తాగునీటిని మొక్కలకు పోస్తే ఐదు వేల జరిమానా అన్న రోజులు అప్పుడే మరిచిపోయామా? బియ్యం కడిగిన నీళ్లతో గడిచిపోయే మొక్కలు ఎన్ని ఉంటే అంత మేలు.

నా అసలు బెంగ వేరే. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఆకుపచ్చగా ఉన్నదల్లా పాలక్, లేదంటే సొప్పు (కన్నడలో ఆకుకూర). పొన్నగంటి, గంగవాయిలి, చుక్కకూర అన్న మాటలు వాళ్ల నోట రావు, ఎందుకంటే ఆ ఆకు వాళ్ల చేతికి ఎప్పుడూ రాలేదు. తెలుగు రాదని ట్యూషన్లు పెడుతున్నాం. వారానికోసారి పప్పులోకి కూర తెమ్మని బాల్కనీలోకి పంపితే ఆ మాటలు వాటంతటవే వస్తాయి. పుల్లగా ఉందా అని ఆకు నమిలి చూసిన పిల్ల ఆ పేరు మరిచిపోదు.

ఇంకొకటి, విత్తనం. హైబ్రిడ్ టమాటా గింజ దాచి మళ్లీ వేస్తే అదే కాయ రాదు, ఏటా కొనాల్సిందే. నాటు గోంగూర రెండు మొక్కలు కోయకుండా వదిలేయండి. చలికాలంలో కాయలు ఎండాక గింజలు రాల్చి కాగితంలో పొట్లం కట్టండి. ఒక పొట్లం పక్క ఫ్లాట్‌లోని ధార్వాడ వాళ్లకు ఇవ్వండి. వాళ్లు దాన్ని పుండి అంటారు, జొన్నరొట్టెలోకి వండుకుంటారు.