పిల్లల ఒంట్లో కొవ్వు శాతం: ఎవరి సూత్రం, ఎవరి ఒళ్లు?

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు చాలా జిమ్‌లలో ఇప్పుడు బరువు తూచే మిషన్ పక్కన ఇంకో మిషన్ కనిపిస్తోంది. చెప్పులు విప్పి ఎక్కి, రెండు పిడులు పట్టుకుని నిలబడితే నిమిషంలో స్లిప్ వస్తుంది. కొవ్వు ఇంత శాతం, కండ ఇన్ని కిలోలు, నీరు ఇన్ని లీటర్లు. ఇది పెద్దవాళ్ల సరదాగానే మిగిలిపోతే రాయాల్సిన పని ఉండేది కాదు. బ్యాడ్మింటన్‌కో స్విమ్మింగ్‌కో వెళ్లే పదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలనూ ఎక్కించి చూస్తున్నారు. స్లిప్ మీద 24 శాతం అని కనిపిస్తే చాలు, ఆ రాత్రి నుంచే ఇంట్లో అన్నం తగ్గుతుంది.

పిల్లల ఒంటిని కొలవడం మీద నాకు అభ్యంతరం లేదు. ఇప్పటికంటే శ్రద్ధగా కొలవాలనే అంటాను. అయితే ఆ స్లిప్ మీద శాతం పేరుతో అచ్చయ్యేది అంచనా. ఆ అంచనా కట్టిన సూత్రం ఎక్కడో, వేరెవరి ఒంటి మీదో తయారైంది.

బతికున్న మనిషిలోని కొవ్వును విడదీసి తూచలేం కాబట్టి అడ్డదారులు వెతికారు. మొదటిది మనిషిని నీటి తొట్టెలో ముంచి తూచడం. గాలిలో బరువు, నీటిలో బరువు తెలిస్తే ఒంటి సాంద్రత వస్తుంది. అందులోంచి కొవ్వు శాతం రాబట్టడానికి 1961లో విలియం సిరి ఓ సూత్రం ఇచ్చారు: 495ను సాంద్రతతో భాగించి, వచ్చినదాంట్లోంచి 450 తీసేయడం. ఇది సరిపోవాలంటే కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.9 గ్రాములు, కొవ్వు పోగా మిగిలిన ఒంటిది 1.1 గ్రాములు ఉండాలి. ఆ 1.1 పెద్దవాళ్ల లెక్క. పిల్లల ఒంట్లో నీరు ఎక్కువ, ఎముకల్లో ఖనిజాలు తక్కువ. ఏడెనిమిదేళ్ల వయసులో అది 1.08 దగ్గరే ఉంటుంది.

కాగితం తీసుకుని మీరే వేసి చూడండి. నిజంగా 15 శాతం కొవ్వున్న ఆ వయసు పిల్లాడి సాంద్రత 1.0485 వస్తుంది. దాన్ని సిరి సూత్రంలో పెడితే జవాబు 22 శాతం. ఒంట్లో లేని ఏడు శాతం లెక్కలో పుట్టుకొచ్చింది! ఈ సంగతి శాస్త్రవేత్తలకు ఎప్పుడో తెలుసు, పిల్లల కోసం వేరే సూత్రాలు 1980లలోనే వచ్చాయి. మీ అబ్బాయి ఎక్కిన మిషన్ లోపల ఏ సూత్రం ఉందో స్లిప్ మీద రాసి ఉండదు, అంతే.

పైగా ఆ మిషన్ కొవ్వు జోలికే వెళ్లదు. ఒంట్లోకి చిన్నపాటి కరెంటు పంపి, దానికి ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. నీరున్న కండలోంచి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులోంచి అంత సులువుగా పోదు. ఆ అడ్డంకి విలువకు ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నవి కలిపి శాతం తేలుస్తుంది. మే నెల ఎండలో గంటన్నర ఆడి, చెమటతో తడిసి ఎక్కినవాడికీ, పొద్దున్నే పరగడుపున ఎక్కినవాడికీ ఒకే అంకె వస్తుందని ఆశించలేం. ఇళ్లలో వాడే కొన్ని స్కేళ్లలో ‘అథ్లెట్’ అనే సెట్టింగ్ ఉంటుంది. అది నొక్కితే అదే మనిషికి, అదే నిమిషంలో కొవ్వు కొన్ని శాతాలు పడిపోతుంది. ఇంత సుఖంగా కొవ్వు కరిగే వ్యాయామం ఇంకోటి లేదు.

డెక్సా స్కాన్ వీటికంటే నయం. ఎముకల గట్టిదనం చూడటానికి 1980ల చివర్లో వాడుకలోకి వచ్చిన ఈ ఎక్స్-రే పద్ధతిలో ఎముక, కొవ్వు, మిగతా కణజాలం విడివిడిగా తెలుస్తాయి. అక్కడ కూడా ఒక కంపెనీ మిషన్ అంకె ఇంకో కంపెనీ అంకెతో కలవకపోవచ్చు. 2023 జనవరిలో బీసీసీఐ, పరుగులో ఓర్పు చూసే యోయో టెస్టుతో పాటు డెక్సాను సీనియర్ క్రికెటర్ల సెలక్షన్ ప్రమాణాల్లో చేర్చింది. పెద్ద జట్టులో ఏది పెడితే అది అండర్-14 దాకా దిగిపోవడం మన దగ్గర ఆనవాయితీ కదా, అదీ నా టెన్షన్.

ఇక తరాల పోలిక. ‘మా రోజుల్లో ఆటగాళ్ల ఒంట్లో కొవ్వెక్కడిది?’ అని ఎల్బీ స్టేడియం గ్యాలరీలో కూర్చున్న ఏ పెద్దాయనైనా అంటారు. హైదరాబాదీ రహీం సాబ్ కోచింగ్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. వాళ్లను ఇవాళ్టి కుర్రాళ్లతో కొవ్వు శాతంలో పోల్చడం మాత్రం కాకిలెక్కే. చర్మం మడతల నుంచి శాతం చెప్పే డర్నిన్-వొమర్‌స్లీ సూత్రం 1974లో గానీ రాలేదు. అదీ గ్లాస్గోలో 481 మంది మీద కట్టింది.

ఎత్తూ బరువులతో పోలుద్దామా అంటే అదీ తిప్పలే. 1942లోనే అమెరికా నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెన్కీ, ‘ఎక్కువ బరువు’ ముద్ర పడిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీటిలో తూచి, ఆ బరువు చాలావరకు కండేనని చూపించాడు. మన దగ్గర కథ తిరగబడుతుంది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లోని సహచరుడు యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (బరువును ఎత్తుతో బేరీజు వేసే అంకె) ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. తాతకూ మనవడికీ బీఎంఐ ఒకటే ఉన్నా ఒళ్లు ఒకటే అని చెప్పలేకపోవడం ఇందుకే.

తరాలను పోల్చడం అసాధ్యమేమీ కాదు. ఎలా చేయాలో మన ఊళ్లోనే చేసి చూపించారు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఇప్పుడు తార్నాకలో ఉంది. 1987 నుంచి 1990 దాకా నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో ఈ సంస్థ ఓ ప్రయోగం చేసింది. కొన్ని పల్లెల్లో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు, మిగతా వాటికి అప్పటికింకా ఆ పథకం అందలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక, 2003-05లో మళ్లీ వెళ్లి కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. రక్తనాళాల బిరుసుదనం, ఇన్సులిన్ పనితీరు కూడా కొంత మెరుగ్గా ఉన్నాయి. కొవ్వు, కండల పాళ్లలో మాత్రం పెద్ద తేడా లేదు. కొవ్వు శాతం ఒక్కటే చూసి వచ్చేసి ఉంటే ఆ ఉప్మా వల్ల ఏమీ ఒరగలేదని రాసేసేవారు! తర్వాతి విడతల్లో వాళ్ల తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా డెక్సాతో కొలిచారు. అవే పల్లెలు, అవే కుటుంబాలు, దశాబ్దాల ఓపిక. తరాల పోలిక అంటే ఇలా ఉండాలి.

అకాడమీలకు ఇంత అక్కర్లేదు. ఒక క్యాలిపర్ (చర్మం మడత మందం కొలిచే పటకారు లాంటి పరికరం), ఒక టేపు, పని నేర్చిన ఒక మనిషి చాలు. భుజం ఎముక చివర నుంచి మోచేయి దాకా కొలిచి, సగంలో పెన్నుతో గీత పెట్టాలి. చేతి వెనుక చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో కండ నుంచి వేరుచేసి పట్టుకోవాలి. వేళ్లకు సెంటీమీటరు దూరంలో క్యాలిపర్ వేసి, రెండు సెకన్లు ఆగి ముల్లు చూడాలి. గీత ఓ సెంటీమీటరు అటూఇటూ అయినా రీడింగ్ మారిపోతుంది. క్రీడాకారులకు ఇలా ఎనిమిది చోట్ల చూసి మొత్తం కలుపుతారు. ఆ మొత్తాన్ని మిల్లీమీటర్లలోనే ఉంచేయాలి, శాతంలోకి మార్చకూడదు. 96 మిల్లీమీటర్లు ఆరు నెలల్లో 88 అయితే, కొలిచిన మనిషీ సమయమూ మారకపోతే, దానికో అర్థం ఉంది.

ఇంకో మాట. అమెరికాలో 1997 చివర్లో బరువు దించుకునే ప్రయత్నంలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ సీజన్‌కు ముందే ఒంటి కొవ్వు అంచనా వేసి, 5 శాతం కంటే దిగే బరువులో పోటీ చేయనివ్వడం మానేశారు. హైస్కూల్ అబ్బాయిలకు ఆ హద్దు 7, అమ్మాయిలకు 12. అంటే అక్కడ ఆ అంకెను ‘ఇంతకంటే తగ్గొద్దు’ అని ఆపడానికి వాడుతున్నారు. మన కోచ్‌లు అదే అంకెతో ‘ఇంకా తగ్గు’ అంటున్నారు. పన్నెండు, పధ్నాలుగేళ్ల ఆడపిల్ల ఒంట్లో కొవ్వు పెరగడం ఎదుగుదలలో భాగం. ఆ వయసులో తిండి కోసి, ఆట పెంచితే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు పలచబడొచ్చు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీన్నొక ఆరోగ్య సమస్యగా గుర్తించి హెచ్చరిస్తూనే ఉంది.

అందుకే పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు శాతం చెప్పడం పూర్తిగా మానేయాలి. ఎత్తు, బరువు, నడుము, మడతల మొత్తం, ఆడపిల్లలకైతే నెలసరి వివరం, ఇవి ఫైల్లో ఉండాలి. ఆ ఫైలు డాక్టర్, తల్లిదండ్రులు చూడాలి, అకాడమీ వాట్సాప్ గ్రూపు చూడకూడదు. ఆడపిల్లలను ఆడవాళ్లే కొలవాలి. ఈ పని నేర్పగల సంస్థ తార్నాకలోనే ఉంది, క్యాలిపర్ ధర జిమ్ మిషన్ ముందు ఎంతో తక్కువ. హకీంపేట క్రీడా పాఠశాల లాంటి చోట్ల ఇద్దరేసి టీచర్లకు శిక్షణ ఇప్పించి మొదలుపెట్టొచ్చు. అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలో రాష్ట్ర స్పోర్ట్స్ అథారిటీ తేల్చాలి.