1139లో పుట్టిన నియమం కాదు

కతోలిక గురువులకు పెళ్లి కూడదన్న నియమాన్ని రోమ్ 1139లో కొత్తగా తెచ్చిందని, చర్చి ఆస్తి గురువుల పిల్లల పాలు కాకుండా చూసుకోవడమే దాని అసలు ఉద్దేశమని, క్రీస్తు ముఖ్య శిష్యుడైన పేతురుకే భార్య ఉన్నప్పుడు ఈ కట్టడికి అర్థం లేదని ఒక వాదన తరచూ వినబడుతోంది. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే మిగిలిన పొరపాటు కూడా నిలదొక్కుకుంది.

ముందు సంవత్సరం సంగతి. 1139లో రోమ్‌లో బిషప్పులు కూడిన రెండవ లాతరన్ మహాసభ చేసింది నిషేధాన్ని ప్రవేశపెట్టడం కాదు. గురుపట్టం పొందాక చేసుకున్న పెళ్లి పెళ్లే కాదని ప్రకటించడం. నాలుగో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో స్పెయిన్‌లో జరిగిన ఎల్వీరా సభ పేర మనకు అందిన తీర్మానాల్లో 33వది బిషప్పులను, గురువులను, వారి కింది మెట్టు సేవకులైన డీకన్లను భార్యలతో సంసారం మానుకోమంటుంది. 385లో పోపు సిరీసియస్ తర్రగోనా బిషప్పుకు రాసిన లేఖలోనూ ఇదే కట్టడి ఉంది. అయితే ఆనాడు కోరింది పెళ్లి లేని జీవితం కాదు, పెళ్లయినవారు పట్టం తరువాత నిగ్రహం పాటించడం. చాలామంది పాటించలేదు కూడా. ఒకే మాటను సభ తరువాత సభ చెప్పవలసి రావడమే అందుకు సాక్ష్యం.

పేతురు అత్తగారి జ్వరం గురించి మార్కు సువార్త చెబుతోంది, దాన్ని ఎవరూ కాదనలేదు. బ్రహ్మచర్యం యాజకత్వ స్వభావాన్ని బట్టి తప్పనిసరి కాదని రెండవ వాటికన్ మహాసభే 1965లో ఒప్పుకుంది. కతోలిక చర్చి దాన్ని మార్చగల క్రమశిక్షణగానే చూస్తుంది కాబట్టి ఈ బాణానికి గురి లేదు.

అసలు చూడవలసినది ఆస్తి వాదన. 1022లో పవియా సభలో పోపు ఎనిమిదవ బెనెడిక్ట్, చక్రవర్తి రెండవ హెన్రీ కలిసి గురువుల సంతానాన్ని చర్చి దాసులుగా నిర్ణయించినప్పుడు వారి మనసులో ఉన్నది ఆస్తే. కానీ అదే మూలకారణమైతే తూర్పు క్రైస్తవ సంఘాల సంగతి ఏమిటి? పిల్లలున్నవారు బిషప్పులు కారాదని ఆరో శతాబ్దంలో బైజాంటిన్ చక్రవర్తి జస్టీనియన్ చట్టం చేస్తూ ఆస్తి భయాన్నే కారణంగా చూపాడు, అయినా అక్కడి సాధారణ గురువులు సంసారులుగానే మిగిలారు. 692 నాటి కాన్‌స్టాంటినోపుల్ త్రుల్లో సభ దాన్నే ఖాయం చేసింది. ఒకే భయం రెండు చోట్లా ఉండి ఫలితాలు వేరైనప్పుడు, భయం ఒక్కటే కారణమనడం కుదరదు.

సిరీసియస్ చెప్పిన కారణం వేరు: దేవాలయంలో వంతు వచ్చినన్నాళ్లూ యూదు యాజకులు నిగ్రహం పాటించేవారు, క్రైస్తవ యాజకుడికి సేవ నిత్యం కాబట్టి నిగ్రహమూ నిత్యమే. దాంపత్యాన్ని మలినంగా చూసే ఈ ధోరణి నాకు రుచించదు. 1967లో పోపు ఆరవ పౌలు చర్చి అంతటికీ రాసిన విశ్వలేఖ కూడా దాన్ని ఆధారం చేసుకోలేదు. క్రీస్తు తానే పెళ్లి చేసుకోకపోవడం, సంఘానికి గురువు అవిభక్తంగా అంకితం కావడం, పరలోక రాజ్యానికి సాక్షిగా నిలవడం ఆయన చెప్పిన కారణాలు. ఇవి నచ్చకపోవచ్చు గాని, ఆస్తి లెక్కలకు వేసిన ముసుగని కొట్టిపారేయాలంటే ఆధారం కావాలి.

ఇక కతోలిక గురువులందరూ బ్రహ్మచారులేనన్నదీ సరికాదు. తూర్పు సంప్రదాయాన్ని పాటిస్తూ పోపుకు లోబడి ఉన్న ఉక్రెయిన్ గ్రీకు కతోలిక చర్చిలో పెళ్లయినవారికి నేటికీ పట్టం ఇస్తారు. తెలుగు నేల మీది కతోలిక మేత్రాసనాలు (బిషప్పుల పరిధిలోని ప్రాంతాలు) చాలావరకు రోమ్ పాటించే లాటిన్ సంప్రదాయానివి కావడం వల్ల మనకు ఆ దృశ్యం కనబడదు, అంతే.