కోయపాటకు నల్లరంగు ఎందుకు?

ఉగాదికి ఇంకా నాలుగు రోజులు. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్. పిల్లల రిహార్సల్ ముగిసింది. నేలమీద పచ్చ క్రేపు కాగితపు లంగాలు, థర్మకోల్ ఎముకల దండలు, రెండు డబ్బాల నల్లరంగు. పన్నెండేళ్లుగా 'కోయదొరల ఆట' వేయిస్తున్న శేషగిరిగారికీ, ఆయన అన్నకూతురు వసంతకూ జరిగిన వాదం ఇది. నాది వసంత పక్షమే. శేషగిరిగారు చెప్పిన ఒక మాట మాత్రం ఇంకా నన్ను గుచ్చుతూనే ఉంది.

వసంత: బాబాయ్, పాట ఉంచండి, డోలు ఉంచండి. పిల్లల మొహాలకు పూసే ఆ నల్లరంగు, 'హుంబా హుంబా' అరుపులు తీసేయండి.

శేషగిరి: పన్నెండేళ్లు కనబడని తప్పు ఈ ఏడాది కనబడిందా? పిల్లల ఆట అమ్మాయీ! చూస్తారు, నవ్వుతారు, భోజనానికి లేస్తారు.

వసంత: నిన్న లిఫ్టులో ఆరో అంతస్తు కెన్యా కుర్రాడిని చూసి మావాడు 'హుంబా' అన్నాడు. పాపం, ఆ అబ్బాయి ఏమీ అనలేదు, ఫోనులోకి తల దించుకున్నాడు. మావాడి చెవి వెనక మీ రంగు ఇంకా వదల్లేదు. కొబ్బరినూనె పెట్టి రుద్దినా సరే.

శేషగిరి: వాడికి మర్యాద నేర్పాల్సింది నువ్వు. అసలు వాడితో ఇంట్లో తెలుగు మాట్లాడి ఎన్నాళ్లయింది? మొత్తం కార్యక్రమంలో సినిమా పాట కాని తెలుగు పాట ఇదొక్కటే. నిరుడు మీవాడు ప్రార్థన గీతాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని చదివాడు!

వసంత: వాడి బడిలో తెలుగు లేదు. మీ మనవడు మాత్రం పోతన పద్యాలు పాడుతున్నాడా?

శేషగిరి: వాడి సంగతి ఎత్తకు. వాడు డాలస్‌లో ఉన్నాడు.

(ఇక్కడ పది నిమిషాలు పోయాయి. అవి రాయను.)

శేషగిరి: ఇదంతా నీ సొంత బాధ కాదు, అరువు బాధ. డిస్నీవాళ్లు జంగిల్ క్రూజ్ పడవ షికారులో మనిషి తలలు అమ్మే ఆటవికుడి బొమ్మను 2021లో తీసేశారు, నీకిక్కడ తప్పు తోచింది. ఓర్లాండోలో వాళ్ల నీటి షికారు స్ప్లాష్ మౌంటెన్ నేనూ ఎక్కాను. 2023లో దాన్ని మూసి, మరుసటి ఏడాది టియానా అనే నల్లపిల్ల, వాళ్ల సినిమా రాకుమారి, పేరుతో వేరే ఆట తెరిచారు. దానికి మూలమైన 1946 నాటి సినిమా, తోటల్లో నల్లవాళ్ల బతుకు హాయిగా ఉన్నట్టు చూపించింది, చెడ్డదే, ఒప్పుకుంటాను. కానీ అందులోని టక్కరి కుందేలు కథలు ఎవరివి? బానిసలుగా బతికిన నల్లవాళ్లు తమలో తాము చెప్పుకొన్నవి. తెల్లవాడి తప్పు కడుగుతూ నల్లవాడి కుందేలును కూడా తరిమేశారు. రేపు ఈ పాట గతీ అంతే.

వసంత: కుందేలు విషయంలో మీరన్నది నిజం. అలా పోకూడదనే కదా నా గొడవ! న్యూయార్క్ సిటీ బాలేవాళ్లు క్రిస్మస్‌కు ఆడే నట్‌క్రాకర్‌లో ఒక చైనా నృత్యం ఉంది. 2017లో మొహానికి వేసే రంగు, విగ్గు, వేళ్లెత్తి గెంతడం మార్చారు. నృత్యం ఉంది, సంగీతం ఉంది. సరే, అమెరికాను వదిలేద్దాం. ఇది కోయపాట అన్నారు, ఇందులో ఒక్క కోయ మాట ఉందా? ఎముకలు కట్టుకున్న కోయవాణ్ని మీరెక్కడ చూశారు? భద్రాచలం వైపు కొమ్ముకోయ ఆట చూడండి. మగవాళ్ల తలమీద అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో ఇంతేసి డోలు. ఆడవాళ్లు చేతులు పట్టుకొని అడుగులో అడుగు కలుపుతారు. ఆ డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మీరు పోయిన జాతరకు మేడారం వెళ్లి, మీ ఎత్తు బెల్లం తూచి, 'బంగారం' సమర్పించి వచ్చారు కదా. సమ్మక్క ఎవరు పెంచుకొన్న బిడ్డ? అక్కడ ఆమెకు మొక్కి, ఇక్కడ ఆమెవాళ్ల పేరు చెప్పి పిల్లల మొహాలకు మసి పూస్తారా?

శేషగిరి: మేడారాన్ని ఇందులోకి లాగకు. (కాసేపు కాగితపు లంగా మడిచారు.) తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఉన్నారు. వాళ్లనూ తీసేస్తావా?

వసంత: వాళ్లు ఎదుట కూర్చున్న ఊరివాళ్లనే ఆట పట్టిస్తారు. ఒళ్లు మండినవాడు అక్కడికక్కడే తిరిగి అనవచ్చు. మన క్లబ్‌హౌస్‌లో కోయవాళ్లు ఎవరున్నారు? 2016లో ఇదే ఊళ్లో ఒక సూడాన్ వ్యక్తి కారు ప్రమాదం చేస్తే, ఆ దారిన వచ్చిన టాంజానియా అమ్మాయిని మూక పట్టుకొని కొట్టింది. రంగు ఒకటైతే చాలు.

శేషగిరి: ఆ మూకకు నా కాగితపు లంగాలు కారణమా?

వసంత: కాదు. లిఫ్టులో మావాడన్న మాటకు మాత్రం అవును.

శేషగిరి: నాలుగు రోజుల్లో దున్నకొమ్ములు ఎక్కడ తెస్తావు?

వసంత: అట్టతో చేద్దాం.

శేషగిరి: అట్టవి నిలవవు. నాలుగు దెబ్బలు పడగానే ఊడి డోలు మీద పడతాయి. లోపల తీగ పెట్టాలి. అయినా మూత తీసిన డబ్బాలు షాపువాడు వెనక్కి తీసుకోడు. 380 రూపాయలు. ఎవరిస్తారు?