సైలెన్సర్ మోత ప్రాణాలు కాపాడదు

ఈ వారంలో నలుగురు మిత్రులు అదే మెసేజ్ పంపారు. బైక్‌కు ఆఫ్టర్‌మార్కెట్ సైలెన్సర్, అంటే కంపెనీది కాకుండా బయట విడిగా దొరికేది, కొనేవాళ్లకు సలహాలట. మోత పెరిగితే పవర్ పెరుగుతుంది, డిబీ కిల్లర్ (మోత తగ్గించడానికి సైలెన్సర్ నోట్లో పెట్టే ముక్క) పీకేస్తే పికప్ బాగుంటుంది, మైలేజీ కూడా వస్తుంది, టైటానియం పైపుకే మంచి బేస్ (లోతైన శబ్దం) ఉంటుంది, అన్నిటికీ మించి పెద్ద మోత ప్రాణాలు కాపాడుతుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను.

మైలేజీ మాట వదిలేయండి. మోత వినడానికే థ్రాటిల్ తిప్పేవాడికి పెట్రోలు మిగలదు.

టైటానియం బరువు తగ్గిస్తుంది. అది నిజమైన లాభం, కాదనను. కానీ శబ్దానికి మూలం ఇంజిన్. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో 3000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఇంధనం సెకనుకు 25 సార్లు పేలుతుంది, నాలుగు సిలిండర్లదాంట్లో 9000 దగ్గర 300 సార్లు. అందుకే ఒకటి దడదడమంటుంది, రెండోది కీచుమంటుంది. ఏ లోహం పెట్టినా రెండోది మొదటిదానిలా మోగదు.

పవర్ సంగతి. పొగ వదిలే వాల్వ్ తెరుచుకోగానే బయల్దేరిన ఒత్తిడి తరంగం పైపు చివరిదాకా పోయి వెనక్కి వస్తుంది. సరైన క్షణానికి వస్తే సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగుతుంది. పైపు పొడవు, వ్యాసం ఆ లెక్క మీదే కుదురుస్తారు. చేతికందిన ముక్క పీకేస్తే ఆ లెక్క చెడుతుంది, చాలా బండ్లలో కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది. మోత ఎక్కువైంది కాబట్టి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. ఫుల్ సిస్టమ్ (ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా పైపంతా) వేస్తే మ్యాపింగ్, అంటే దానికి తగ్గట్టు ఇంధనం లెక్క సరిచేయడం, కూడా చేయించాలి. ఆ ముక్క మెసేజ్‌లో ఎక్కడుంది?

ఇక ప్రాణాల మాట. నాకు కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే కొత్తగా బండి పట్టిన కుర్రాడు దీన్ని నమ్ముతాడు. సైలెన్సర్ నోరు ఎటు చూస్తోంది? వెనక్కి. మీకు అడ్డంగా తిరిగే కారు ఎక్కడుంది? ముందు. అద్దాలు ఎత్తి, పాటలు పెట్టుకుని. 1981లో అమెరికాలో వెలువడిన హర్ట్ నివేదిక కోసం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైక్ ప్రమాదాలను అక్కడికే వెళ్లి పరిశీలించారు. ఆపద ఎక్కువగా ముందు నుంచే వచ్చింది, వెనక నుంచి వచ్చింది చాలా తక్కువ. అంటే మీ మోత వినేది ఇప్పటికే మీరు దాటేసినవాళ్లు. "నేను వస్తున్నానని వాడికి వినిపించే ఉంటుంది" అనుకుని బ్రేక్ మీద వేలు పెట్టని క్షణం ఖరీదు ఎంతో ఈ మెసేజ్ రాసినవాడికి పట్టిందా?

ఒకటి ఒప్పుకుంటాను. నెమ్మదిగా వచ్చే వాహనానికి కొంత శబ్దం ఉండడం పాదచారికి మంచిదే. అందుకే చప్పుడు చేయని ఎలక్ట్రిక్ కార్ల కోసం ఐక్యరాజ్యసమితి 138వ నిబంధన వచ్చింది. 20 కిలోమీటర్ల వేగం దగ్గర అది అడిగే కనీస శబ్దం 56 డెసిబెల్స్. గరిష్ఠం 75. భద్రత కోసం శబ్దం కావాలన్నవాళ్లు అడిగింది అంతే.

పైగా ఆ మోత అందరికన్నా ఎక్కువసేపు వినేది మీరే. 85 డెసిబెల్స్ 8 గంటలు వినొచ్చనుకుంటే, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. హైవే మీద హెల్మెట్‌లో గాలి హోరే 90 దాటుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు.

నాకూ మంచి శబ్దం ఇష్టమే. గేరు ఎప్పుడు మార్చాలో నా చెవే చెబుతుంది. కొనేవాళ్లు డిబీ కిల్లర్ పెట్టి ఉండగానే, మీరు రోజూ నడిపే ఆర్‌పీఎం దగ్గర వినండి. గ్లాస్ ఊల్ (మోతను పీల్చే గాజు పీచు) నింపిన సైలెన్సరైతే కొత్తది కాదు, బాగా తిరిగినది వినండి. ఆ ఊల్ కాలిపోయేకొద్దీ మోత పెరుగుతూ పోతుంది, మళ్లీ నింపించాల్సి వస్తుంది.