కుక్క తోక పట్టుకుని గోదారి ఈదే వైద్యం

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఐదోసారి. ఈసారి పంపింది మా అక్క. "మన బ్రూనోకి పనికొస్తుందిరా" అని కింద ఒక ముక్క కూడా రాసింది. పదకొండేళ్ల ల్యాబ్ (లాబ్రడార్ కుక్క) కుంటుతుంటే ఊళ్లో ప్రతివాడూ వెటర్నరీ డాక్టరే.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. కీళ్లనొప్పులున్న కుక్కను రోజూ అరగంట చెరువులో ఈదించాలి. కుక్కలన్నీ పుట్టు ఈతగాళ్లే కాబట్టి భయం లేదు. చల్లటి నీళ్లు వాపు లాగేస్తాయి. దిగేముందు మనం వాడే నొప్పిమాత్ర సగం వెయ్యాలి. వచ్చాక నెయ్యన్నం పెట్టాలి. నలభై రోజుల్లో అరిగిన కీలు మళ్లీ పెరుగుతుంది, డాక్టరు మందులు ఆపేయొచ్చు. చివర్లో నాలుగు దండాల బొమ్మలు.

కీలు పెరగడం: పెరగదు. నలభై రోజులు కాదు, నాలుగొందల రోజులు ఈదినా పెరగదు.

పుట్టు ఈతగాళ్లు: బుల్‌డాగ్‌ని నీళ్లలో వదిలి చూడమనండి. వద్దులెండి, నిజంగానే వదిలేస్తారు. ఆ తలకాయ బరువుకి, ఆ పొట్టి కాళ్లకి అది తేలదు. పగ్‌కి గట్టు మీదే ఊపిరి సరిగా ఆడదు. ఈత బాగా వచ్చిన ల్యాబ్ కూడా వెనక కాళ్లు నొప్పిగా ఉంటే ముందు కాళ్లతోనే లాక్కొస్తుంది. మోచేతి కీలు పాడైన కుక్కకి ఆ శ్రమంతా సరిగ్గా అక్కడే పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు లైఫ్ జాకెట్ వేసి, పక్కన తామూ దిగి, కొద్ది నిమిషాలతో మొదలుపెడతారు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని మన సామెత. ఆ సామెతలో కూడా కుక్కకి కీళ్లనొప్పులున్నట్టు ఎక్కడా లేదు.

చల్లటి నీళ్లు: చలికి కండరాలు బిగుసుకుంటాయి. హైడ్రోథెరపీ, అంటే నీళ్లలో చేయించే వైద్యం, దాని పూల్‌లో నీళ్లు గోరువెచ్చగా, 28 నుంచి 32 డిగ్రీల దాకా ఉంచేది ఊరికే కాదు. ఇక చెరువంటే దిగేటప్పుడు బురద, ఎక్కేటప్పుడు జారుడు, నీళ్లలో ఎలుకల మూత్రం ఉంటే లెప్టోస్పైరోసిస్ అనే ఇన్ఫెక్షన్ అదనం.

ఇప్పుడు మాత్ర సంగతి. మిగతావన్నీ చదివి నవ్వుకున్నాను, ఇక్కడ మాత్రం చేతులు వణికాయి. సగం అంటే దేంట్లో సగం? ఐదు కిలోల పామరేనియన్‌కీ, నలభై కిలోల ల్యాబ్‌కీ ఒకటే సగమా? ఇబుప్రొఫెన్ మనకి సరిపడినట్టు కుక్కకి సరిపడదు. కడుపులో పుండ్లు పడతాయి, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పోతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది. మన ఇళ్లలో డబ్బాల్లో పడుండే మాత్రల్లో ఈ రెండూ కలిసినవే బోలెడు. డైక్లోఫెనాక్ అయితే పశువులకి వాడకూడదని మన దేశంలో 2006లోనే నిషేధించారు, అది వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. కుక్క అప్పటికే డాక్టరిచ్చిన నొప్పిమందు మెలోక్సికామో, కార్ప్రొఫెనో వాడుతుంటే, దానిమీద ఇది కూడా పడితే ఇంక చెప్పక్కర్లేదు. ఇంకోటి, నొప్పి తెలియకుండా చేసి అరగంట ఈదిస్తే అది ఆపదు. బంతి విసిరినంతసేపూ ఈదుతూనే ఉంటుంది. మర్నాడు లేవదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ప్రేమకొద్దీ రెండు రోజులు ఇలాగే సగం సగం వేశారు. మూడోరోజు వాంతులు, తారులా నల్లటి విరేచనం. ఐదు రోజులు సెలైన్ ఎక్కించాక బతికింది. ఆ సలహా ఫార్వర్డ్ చేసిన పుణ్యాత్ముడు బిల్లు కట్టడానికి రాలేదు, దండం బొమ్మ మాత్రం పంపాడు.

డాక్టరు మందులు ఆపడం: నొప్పి తగ్గితేనే కుక్క కదులుతుంది, కదిలితేనే కండ నిలుస్తుంది. మందు తగ్గించొచ్చేమో, అది చూసి చెప్పాల్సింది డాక్టరు.

నెయ్యన్నం: అమెరికాలో 48 ల్యాబ్ కుక్కల మీద బతికున్నన్నాళ్లూ సాగిన అధ్యయనం ఒకటుంది, ఫలితాలు 2002లో వచ్చాయి. నాలుగోవంతు తక్కువ తిన్న కుక్కలు దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లకి మందు అవసరమవడం కూడా వాటికి ఆలస్యమైంది. అరిగిన కీలు మీద నెయ్యి బరువు పెట్టి, ఆ బరువు దించడానికి చెరువుకి తోలడం ఏం లెక్కో!

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. కుక్కని కదిలించాలన్న అసలు మాట మెసేజ్‌దే కరెక్ట్, తప్పు నాదే. బ్రూనో కుంటడం మొదలుపెట్టగానే నేను వాకింగ్ మాన్పించి ఏడాదిపాటు మూల పడుకోబెట్టాను, అదే విశ్రాంతి అనుకుని. తొడల్లో కండ కరిగిపోయింది. తర్వాత డాక్టరు చెబితే నీళ్లలో ట్రెడ్‌మిల్ మీద నడిపించాం. నీళ్లు మోకాలి ఎత్తున ఉంటే కాళ్ల మీద 85 శాతం బరువు పడుతుంది, తుంటి దాకా వస్తే 38 శాతమే. ఎంత లోతో, ఎంతసేపో మన చేతిలో ఉంటుంది. రెండు నెలలకి వాడు మెట్ల దగ్గర ఆగి నా మొహం చూడటం మానేశాడు. ఇంట్లో టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు పరిచాం, అవీ అంతే పనిచేశాయి. వాటి గురించి ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఇదంతా అక్కకి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "సరేరా, మాత్ర వద్దులే. కాస్త నెయ్యన్నమైనా పెట్టు, మొన్న ఫొటోలో బాగా చిక్కిపోయాడు" అంది.

ఆ మూడు కిలోలు తగ్గించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.